‘తెలియని’, ‘మూఢ’: ఈ రెండు మాటల మధ్య గీత ఎక్కడ?

గుంపులో మొన్న వచ్చిన ప్రశ్న చిన్నదే: ‘శాస్త్రం వివరించలేని ప్రతిదాన్నీ మూఢనమ్మకం అనొచ్చా?’ దాని కింద వాదన మాత్రం చాలా దూరం వెళ్లింది. రుజువు లేనిదంతా మూఢనమ్మకమే అని కొందరు తేల్చేశారు. సైన్సుకు తెలియనివి బోలెడున్నాయి కాబట్టి దేన్నీ కొట్టిపారేయకూడదని ఇంకొందరు గట్టిగా నిలబడ్డారు. ఈ రెండు వర్గాలూ పొరపడింది ఒకే చోట అని నా అభిప్రాయం. తెలియకపోవడాన్నీ, తప్పని తేలినా పట్టుకు వేలాడటాన్నీ ఇద్దరూ ఒకే గాటన కట్టేశారు. ఆ రెంటినీ విడదీయడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన గుంపు భాష కోసం కాబట్టి మాటల దగ్గరే మొదలుపెడదాం. క్రియను విశేషణంగా వాడితే తెలుగులో కాలం తెలిసిపోతుంది: తెలిసిన సంగతి, తెలుస్తున్న సంగతి, తెలిసే సంగతి. వ్యతిరేకానికి వచ్చేసరికి మూడింటికీ ఒక్కటే రూపం మిగులుతుంది: తెలియని సంగతి. నిన్నటిదాకా తెలియనిదా, ఇప్పటికి తెలియనిదా, ఎన్నటికీ తెలియనిదా అన్నది ఆ రూపంలో లేదు. మామూలుగా ఇబ్బంది రాదు, సందర్భమే చెబుతుంది. ‘సైన్సుకు తెలియని శక్తి’ అన్నప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. వినేవారు దాన్ని ‘ఇంకా తెలియని’ అని అర్థం చేసుకుని, నిజమే కదా అని తలూపుతారు. చెప్పేవారి ఉద్దేశం ‘ఎప్పటికీ తెలియని’ అని. మొదటి అర్థానికి దొరికిన ఒప్పుకోలు రెండోదానికి చెల్లిపోతుంది.

దీనికి విరుగుడు వార్తాపత్రికల తెలుగులో రోజూ కనిపిస్తుంది: ‘ప్రమాదానికి కారణాలు ఇంకా తెలియరాలేదు.’ ఈ వాక్యం చదివి అక్కడేదో అతీతశక్తి ఉందని ఎవరూ అనుకోరు. కారణం ఉంటుంది, వెతుకుతున్నారు, తేలలేదు, అంతే. అదే పత్రికలో మరో మూల ‘శాస్త్రవేత్తలకే అంతుచిక్కని మిస్టరీ!’ అని శీర్షిక ఉంటుంది. సమాచారపరంగా చూస్తే రెండు వాక్యాలూ చెప్పేది ఒకటే. మొదటిది విచారణను తెరిచి ఉంచింది. రెండోది ఆ ‘కే’తో, ఆ ఆశ్చర్యార్థకంతో, ఇక వెతకడం దండగ అన్న భావాన్ని కలిగిస్తోంది.

ఇప్పుడు ‘మూఢ’. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువు నుంచి వచ్చింది, మతి తప్పడం, తికమకపడటం దాని అర్థం. మోహం ఆ ధాతువుదే, ముగ్ధ కూడా. మంత్రముగ్ధుడు, మూఢుడు ఒకే ఇంటివాళ్లన్నమాట. తెలియకపోవడానికి మనకు వేరే మాట ఉంది, అజ్ఞానం. మూఢత్వం అంటే తెలివితేటలున్నా అవి ఒక చోట పనిచేయకుండా పోవడం. కాబట్టి ‘మూఢనమ్మకం’ అన్నప్పుడు మనం వేలు పెట్టి చూపవలసింది ఆ మనిషి ఏం నమ్ముతున్నాడన్నదాని కంటే దాన్ని ఎలా పట్టుకుని ఉన్నాడన్నదాన్ని.

దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ భౌతికశాస్త్ర చరిత్రలోనే ఉంది. 1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో రెనే బ్లాండ్లో అనే పేరున్న శాస్త్రవేత్త కొత్త రకం కిరణాలు కనుగొన్నానని ప్రకటించాడు. తన ఊరి పేరు మీద వాటిని ఎన్-కిరణాలు అన్నాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1895లో, రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొని ఉన్నాడు కాబట్టి ఇంకో రకం కిరణాలుంటే ఉండొచ్చని అందరూ అనుకున్నారు. తేడా కొలిచే తీరులో ఉంది. ఎక్స్-కిరణాలు ఫొటో పలక మీద ఎముకల నీడ వేస్తాయి, నమ్మినవాడికీ నమ్మనివాడికీ ఒకేలా కనిపిస్తుంది. ఎన్-కిరణాలకైతే చీకటి గదిలో కూర్చుని, మసక వెలుగు కాస్త పెరిగిందా లేదా అని కంటితో చూసి చెప్పాలి. ఫ్రాన్స్‌లో చాలామంది తమకూ కనిపించాయన్నారు. బయటి దేశాల్లో పేరున్నవాళ్లు ప్రయత్నించినా కనిపించలేదు.

1904లో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ స్వయంగా నాన్సీ వెళ్లాడు. పరికరం మధ్యలో అల్యూమినియం పట్టకం ఒకటి ఉంటుంది, కిరణాలను విడదీసేది అదే. అది లేకపోతే ప్రయోగమే లేదు. చీకట్లో వుడ్ ఆ పట్టకాన్ని చప్పుడు కాకుండా తీసేశాడు. కిరణాలు ఎక్కడెక్కడ పడుతున్నాయో అవతలివాళ్లు అంతకుముందు చెప్పినట్టే చెబుతూ పోయారు.

బ్లాండ్లో అబద్ధమాడలేదు. చదువు తక్కువైనవాడూ కాడు. అతనికి నిజంగానే ఆ వెలుగు కనిపించింది, చూడాలని ఎదురుచూసే కంటికి కనిపించే వెలుగు అది. 1903లో ‘ఎన్-కిరణాలు ఉన్నాయి’ అన్న మాట తేలవలసిన ఒక ప్రతిపాదన, దాన్ని నమ్మినవాళ్లను మూఢులంటే అన్యాయం. ఈ సంగతంతా రాసిన వుడ్ ఉత్తరం నేచర్ అనే సైన్సు పత్రికలో అచ్చయ్యాక కూడా అదే మాట అంటూ ఉంటే అప్పుడు దాని పేరు మారుతుంది. వాక్యం అదే, మనిషీ అతనే. మధ్యలో ఒక పరీక్ష జరిగింది, దాని ఫలితాన్ని అతను లోపలికి రానివ్వలేదు.

తెలుగు మేష్టారు ఒకరి వ్యాఖ్య:

బాగుంది. ఒక చేర్పు. పంచాంగంలో ‘మూఢమి’ అనే మాట ఉంది కదా, మౌఢ్యం నుంచి వచ్చిందే. గురుడో శుక్రుడో ఆకాశంలో సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి, ఆ వెలుగులో కనబడకుండా పోయే రోజులు. ఇక్కడ ‘మూఢ’కి మతి తప్పడం అని చెబితే పొసగదు, మరుగుపడటం అని చెప్పాలి. మీ విభజనకి ఇది పనికొస్తుందేమో చూడండి.

నా జవాబు:

పనికొస్తుంది మేష్టారూ, చాలా బాగా. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు అతుక్కుని ఉన్నాయి. గ్రహం ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా కనబడదన్నది గణితం. లెక్క తప్పైతే ఆకాశమే పట్టిస్తుంది, లెక్క సరైతే అదే ఒప్పుకుంటుంది. ఎవరైనా చూసుకోవచ్చు. ఆ కనబడకపోవడం వల్ల భూమి మీద మనుషుల పనులు చెడతాయన్నది వేరే వాదన, దానికి వేరే రుజువు కావాలి. మొదటిదాని కచ్చితత్వం రెండోదానికి అరువు దొరకదు. మనం ‘అంతా బూటకం’ అని మొదటిదాన్ని కూడా తోసేయడమూ తప్పే. ‘లెక్క ఇంత కచ్చితంగా ఉంది కాబట్టి ఫలితమూ నిజమే’ అనడమూ తప్పే.

వైద్యరంగంలో పనిచేస్తున్న సభ్యురాలి వ్యాఖ్య:

మా రంగంలో ‘ఎలా పనిచేస్తుందో తెలియదు’ అన్నది రోజూ వినే మాట. ఆస్పిరిన్ 1899 నుంచి అమ్మకంలో ఉంది. నొప్పినీ వాపునీ ఎలా తగ్గిస్తుందో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో గానీ చూపించలేదు. మధ్యలో డెబ్బై ఏళ్లకు పైగా దాన్ని వాడినవాళ్లంతా మూఢులా? ‘వివరణ లేనిది మూఢనమ్మకం’ అని మొదటి పోస్టు కింద రాసినవారు దీనికి ఏమంటారో!

నా జవాబు:

డాక్టరు గారూ, మీరు పట్టుకున్నది అసలు విషయం. ‘పనిచేస్తుందా?’ అన్నది ఒక ప్రశ్న, ‘ఎలా పనిచేస్తుంది?’ అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు లేకపోయినా మొదటిదానికి జవాబు వెతకొచ్చు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల ఎంత నష్టం జరిగిందో చెప్పడానికి ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే హంగరీ డాక్టరు కథ కంటే మంచిది లేదు. తెలిసినవాళ్లు కూడా ఒకసారి మళ్లీ వినండి, ఎందుకంటే మామూలుగా చెప్పేటప్పుడు ఇందులో ఒక ముఖ్యమైన ముక్క వదిలేస్తారు.

1840ల్లో అతను పనిచేసిన వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మొదటిదాంట్లో వైద్య విద్యార్థులు నేర్చుకునేవారు, రెండోదాంట్లో మంత్రసానులు. మొదటి విభాగంలో బాలింత జ్వరంతో చనిపోయే తల్లుల సంఖ్య రెండోదానికంటే చాలా ఎక్కువ. ఆసుపత్రి అదే, ఊరి గాలి అదే. చెడుగాలి వల్లే జ్వరాలొస్తాయన్న అప్పటి సిద్ధాంతం ఈ తేడాను వివరించలేదు.

వదిలేసే ముక్క ఇది. చివరి ఘడియల్లో ఉన్నవారి దగ్గరకు ఒక మతాచార్యుడు గంట మోగించే సహాయకుడితో మొదటి విభాగం గదుల మీదుగా నడిచి వెళ్లేవాడు. ఆ గంట వినిపిస్తే బాలింతలు భయపడి జబ్బున పడుతున్నారని ఒక మాట ప్రచారంలో ఉండేది. సెమ్మెల్‌వైస్ దాన్ని విని నవ్వి ఊరుకోలేదు. ఆ దారి మార్పించి, గంట ఆపించి చూశాడు. మరణాలు తగ్గలేదు. దాన్ని పక్కన పెట్టాడు. ప్రసవ సమయంలో పడుకోబెట్టే తీరు రెండు విభాగాల్లో వేరుగా ఉందని గమనించి, దాన్నీ మార్పించి చూశాడు. తేడా రాలేదు, దాన్నీ వదిలేశాడు.

1847 మార్చిలో అతని సహోద్యోగి కొలెచ్కా శవపరీక్ష చేస్తుండగా కత్తి గాటు పడి చనిపోయాడు. లక్షణాలు అచ్చం బాలింత జ్వరంలాగే ఉన్నాయి. శవపరీక్ష గది నుంచి విద్యార్థులు నేరుగా కాన్పు గదికి వస్తున్నారన్న సంగతి అప్పుడు అతనికి తట్టింది. మే నెలలో చేతులు క్లోరిన్ సున్నపు నీళ్లతో కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటి ఉన్న మరణాలు జూన్‌కల్లా 2 శాతం ప్రాంతానికి దిగాయి.

ఎలా పనిచేసిందో అతను సరిగా చెప్పలేకపోయాడు. ‘శవాల నుంచి అంటుకునే ఏదో పదార్థం’ అన్నాడు. సూక్ష్మక్రిముల సంగతి అప్పటికి వైద్యంలో స్థిరపడలేదు, బాలింత జ్వరానికి కారణమైన క్రిమిని పాశ్చర్ చూపించింది 1879లో. సెమ్మెల్‌వైస్ 1865లోనే చనిపోయాడు. అప్పటి పెద్ద డాక్టర్లలో చాలామంది నీ వివరణ పొసగడం లేదంటూ అతని అంకెలను కూడా తోసేశారు. వాళ్ల నోట్లో ఉన్నది శాస్త్రపు భాషే. చేతులు కడిగితే తల్లులు బతుకుతున్నారన్న కళ్లెదుటి ఫలితం మాత్రం వాళ్ల లోపలికి వెళ్లలేదు. ‘మూఢ’ అనే మాట ఇక్కడ ఎవరికి అంటుతుందో చూడండి. పుకారును పరీక్షించి వదిలేసినవాడికి అంటదు.

హేతువాద సంఘంలో పనిచేసే సభ్యుడి వ్యాఖ్య:

మీరు చెప్పేది వినడానికి బాగానే ఉంది గానీ, దీంతో ప్రమాదం ఉంది సార్. రేపు తాయెత్తు అమ్మేవాడూ ఇదే అంటాడు: ‘సెమ్మెల్‌వైస్‌ని చూసి కూడా నవ్వారు, ఆకాశం నుంచి రాళ్లు పడతాయంటే కూడా నవ్వారు. నాదీ అంతే, సైన్సుకు ఇంకా తెలియలేదు.’ మీ ‘ఇంకా’ వాడికి ఆయుధం అవుతుంది.

నా జవాబు:

మీ ఆందోళన నాకు అర్థమవుతోంది, ఇది రోజూ జరిగేదే. అందుకే ఆకాశపు రాళ్ల సంగతే తీసుకుందాం. 1768లో ఫ్రాన్స్‌లోని లూసే అనే చోట పడిన రాయిని పరిశీలించి, పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ ఉన్న బృందం 1772లో అది ఆకాశం నుంచి రాలేదని, నేల మీది రాతికి పిడుగు తగిలి అలా అయ్యుంటుందని నివేదిక ఇచ్చింది. 1794లో క్లాద్ని అనే జర్మన్ శాస్త్రవేత్త ఇవి అంతరిక్షం నుంచే వస్తున్నాయని పుస్తకం రాస్తే చాలామంది ఒప్పుకోలేదు. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లో లేగ్ల్ అనే ఊరి చుట్టుపక్కల సుమారు మూడు వేల రాళ్లు పడ్డాయి. ప్రభుత్వం బియో అనే యువ శాస్త్రవేత్తను పంపింది. అతను ఊళ్లు తిరిగి, ఒకరికొకరు సంబంధం లేనివాళ్లను విడివిడిగా అడిగాడు. రాళ్లు ఏరి పోల్చి చూశాడు. అవన్నీ ఒకే రకం, ఆ ప్రాంతపు రాతితో పోలిక లేదు. అతని నివేదికతో వాదన దాదాపు ముగిసింది.

ఆ రాళ్ల పక్షం ఏం కోరిందో గమనించండి. రండి, చూడండి, పగలగొట్టండి, తూచండి అంది. ఎవరు చేతిలోకి తీసుకున్నా రాయి రాయిగానే ఉంది. మీరు చెప్పిన అమ్మకందారును అలాంటి పరీక్షకు రమ్మంటే వచ్చే జవాబు మీకూ నాకూ కంఠతా వచ్చు: ‘నమ్మకం లేనివాళ్ల ముందు పనిచేయదు.’ ఈ వాక్యం వినిపించిన చోట ఇక ‘ఇంకా తెలియనిది’ అనే గౌరవం ఇవ్వక్కర్లేదు. పనిచేస్తే తన గొప్ప, పనిచేయకపోతే వాడినవాడి లోపం. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరని మాట అది, దాన్నుంచి కొత్తగా తెలుసుకునేది ఏమీ ఉండదు. ఎదుటివారు నవ్వారన్నది కూడా రుజువు కాదు. నవ్వించుకున్నవాటిలో నిజాలు తేలినవి ఉన్నాయి, ఎన్-కిరణాల్లా ఆరిపోయినవీ ఉన్నాయి. చరిత్ర మొదటి రకాన్నే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అవే ఎక్కువని మనకు అనిపిస్తుంది.

కాబట్టి ‘ఇంకా’ వాడాలంటే దాని వెనక ఒక పని జరుగుతూ ఉండాలి. ఎవరో వెతుకుతూ ఉండాలి, తప్పైతే తప్పని ఒప్పుకునే ఏర్పాటు ఉండాలి. అది లేనిచోట ‘రుజువు లేదు’ అని రాద్దాం. పరీక్షించి కాదని తేలినదానికి ‘తప్పని తేలింది’ అని రాద్దాం. ఈ మూడూ మూడు వేర్వేరు మాటలు. అన్నిటికీ ‘మూఢనమ్మకం’ అనే ఒక్క ముద్ర వేస్తే మన వాదనే పలచబడుతుంది.

మరో సభ్యురాలి వ్యాఖ్య:

వాదనలు సరే అండి. స్వయంగా అనుభవించినవాళ్ల మాటేమిటి? మా ఇంట్లో పెద్దవాళ్లు కళ్లారా చూసినవి చెబుతారు. వాళ్లను మూఢులనడానికి నాకు నోరు రాదు.

నా జవాబు:

అనక్కర్లేదమ్మా, అనకూడదు కూడా. సముద్రంలో ఉన్నట్టుండి గోడలా లేచే అలల గురించి నావికులు తరతరాలుగా చెబుతూ వచ్చారు. అప్పటి అలల లెక్కల ప్రకారం అంత ఎత్తు దాదాపు అసాధ్యం కాబట్టి, భయంలో పెద్దగా కనిపించి ఉంటాయని చాలామంది పక్కన పెట్టారు. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో ద్రౌప్నర్ అనే గ్యాస్ వేదిక (సముద్రం మధ్యలో నిలబెట్టిన కట్టడం) మీది లేజర్ పరికరం 25.6 మీటర్ల అలను నమోదు చేసింది, చుట్టూ ఉన్న పెద్ద అలల ఎత్తు సుమారు 12 మీటర్లే. నావికులు చూసింది నిజం. దాన్ని సముద్రుడి కోపం అని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ వివరణ మాత్రం ఆ పరికరంతో రుజువు కాలేదు.

పెద్దవాళ్లు ‘జరిగింది’ అంటే వినండి, వివరంగా అడగండి, వీలైతే రాసిపెట్టండి. ‘అందువల్లే జరిగింది’ అన్న చోట ఆగండి. చూసింది వేరు, చూసినదానికి చెప్పుకున్న కారణం వేరు. ఈ జాగ్రత్తకు తెలుగులో మంచి పనిముట్లున్నాయి. కళ్లతో చూస్తే ‘జరిగింది’ అంటాం, ఒకరు చెబితే ‘జరిగిందట’ అంటాం, ఊహిస్తే ‘జరిగింది కాబోలు’ అంటాం. మాట చేతులు మారేకొద్దీ ఆ ‘ట’ రాలిపోతుంది. ఫోన్లలో తిరిగే సందేశాల్లో అది దాదాపు కనిపించదు, ప్రతిదీ రాసినవాడు కళ్లారా చూసినట్టే ఉంటుంది. రాలిపోయిన ఆ ఒక్క అక్షరాన్ని తిరిగి చేర్చి చదివితే సగం సందేశాలు వాటి అసలు రూపంలో కనిపిస్తాయి.

మొదట ప్రశ్న అడిగిన సభ్యుడి వ్యాఖ్య:

అయితే ఒక పరీక్ష. ఉరుముల సమయంలో గాలిలో తేలుతూ కనిపించే నిప్పుబంతి గురించి విన్నాను. కొందరు అబద్ధమంటారు, కొందరు దయ్యమంటారు. దీన్ని ఏ గడిలో పెడతారు?

నా జవాబు:

గోళపు మెరుపు అంటారు దాన్ని. ‘ఇంకా తెలియలేదు’ అనే గడిలోనే, అదీ నిండు మనసుతో. ఎక్కడెక్కడివాళ్లో, ఒకరి మాట ఒకరు వినే అవకాశం లేనివాళ్లు, శతాబ్దాలుగా దగ్గర దగ్గర ఒకే వర్ణన ఇస్తున్నారు: పిడుగు పడిన సమయంలో, బంతి ఆకారంలో, కొన్ని సెకన్లపాటు వెలిగి ఆరిపోయేది. ప్రయోగశాలలో అచ్చంగా అలాంటిదాన్ని తెప్పించడం ఇంతవరకు కుదరలేదు. 2012లో చైనాలో మామూలు మెరుపుల వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీ, అందులోని గీతలను బట్టి ఏ మూలకాలున్నాయో తెలుస్తుంది) నమోదు చేయడానికి వెళ్లిన పరిశోధకుల పరికరాల్లో పిడుగు పడిన చోటు నుంచి లేచిన ఒక వెలుగు గోళం అనుకోకుండా చిక్కింది. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. ఆ వెలుగులో సిలికాన్, ఇనుము, కాల్షియం గీతలున్నాయి, అంటే మట్టిలో ఉండే మూలకాలే. పిడుగు తగిలినప్పుడు మట్టిలోని సిలికాన్ ఆవిరై, గాలిలో నెమ్మదిగా మండుతూ బంతిలా కనిపిస్తుందని 2000లో ఒక ప్రతిపాదన వచ్చి ఉంది. దానికి ఈ నమోదు కొంత బలాన్నిచ్చింది. అయితే మూసిన కిటికీ అద్దంలోంచి లోపలికి వచ్చిందని, ఎగురుతున్న విమానం లోపల కనిపించిందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. మట్టి ఆవిరితో ఆ కథనాలను వివరించడం కుదరదు. వాటి చివర ప్రస్తుతానికి ‘అట’ చేర్చి రాద్దాం, కొట్టేయకుండా ఉంచుదాం.